లోహంపై వంశముద్ర

షామియానా దుకాణాలు వంటపాత్రలను అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టని రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల్లో పెండ్లి అంటే ఊరిలోని పాత్రలన్నీ ఒకచోట చేరడమే. ఒక ఇంటి గంగాళం, మరొక ఇంటి గుండిగ, వేరొక ఇంటి పళ్లాలు, బిందెలు పందిరి కిందకు వచ్చేవి. పెండ్లి ముగిసిన మరునాడు వాటిని చింతపండుతో తోమి ఎవరివి వారికి చేర్చడం ఒక పెద్ద పని. ఒకే కొలతతో, ఒకే ఆకృతితో ఉన్న ఇరవై బిందెలలో ఏది ఎవరిదో తేల్చేవి వాటి మెడ మీద చుక్కచుక్కగా కొట్టిన అక్షరాలు. ఇంటిపేరులోని మొదటి అక్షరం, ఇంటి యజమాని పేరు, కొన్న సంవత్సరం, కూతురికి సారెగా పెట్టినదైతే ఇచ్చినవారి పేరు ఆ చుక్కలలో ఉండేవి. పాత్రల దుకాణం ముందు గోనెపట్టా పరచుకొని కూర్చున్న పనివాడు చిన్న ఉలితో, అంతకంటె చిన్న సుత్తితో ఆ పేర్లు కొట్టేవాడు. అక్షరానికి ఇంత అని కూలి.

'ఇంటిపేరు' అన్న మాటను తెలుగువారు ఎంత అలవాటుగా వాడుతారంటే, అందులో ఇల్లు ఉన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. మనిషి మారినా ఇల్లు నిలుస్తుందని, దాని పేరు తరతరాలకూ సాగుతుందని ఆ మాటలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి కంచు, ఇత్తడి, రాగి తగిన ఆధారాలు. మట్టికుండ మీద ఎవరూ పేరు రాయించుకోరు.

ఇంటిలోని లోహంపై వంశం గుర్తు వేసుకోవాలనే కోరిక తెలుగువారికే పరిమితమైనది కాదు. చలిదేశాలైన ఇంగ్లండు, ఫ్రాన్సులలో ఈ కోరిక పొయ్యి దగ్గర రూపుదిద్దుకొంది. మధ్యయుగాలలో అక్కడి పెద్ద ఇళ్లలో గది నడుమ నేల మీద మంట వేసి, పొగను కప్పు సందులలోనుంచి పోనిచ్చేవారు. తరువాత మంట గోడ దగ్గరకు జరిగింది. దాని మీద పొగగొట్టం కట్టారు. గది శుభ్రపడింది గాని గోడకు చిక్కు వచ్చింది. రాత్రింబవళ్లు మంట తగిలిన ఇటుకలు పగిలి పొడిగా రాలసాగాయి. దానికి విరుగుడుగా మంటకూ గోడకూ నడుమ దళసరి పోత ఇనుప పలక ఒకటి నిలబెట్టారు. ఇంగ్లీషులో దానిని ఫైర్‌బ్యాక్ అంటారు. తెలుగులో 'వెనుపలక' అనుకోవచ్చు. అది గోడను కాపాడుతుంది. అంతకుమించి, మంట వేడిని తనలో నింపుకొని, నిప్పు తగ్గిన తరువాత కూడా చాలాసేపు గదిలోకి మెల్లగా విడుస్తుంది. రాత్రి కట్టెలు కాలిపోయినా తెల్లవారేసరికి పలకలో ఇంకా వెచ్చదనం ఉండేది.

వెనుపలకలను పోయడం ఇంగ్లండులో 15వ శతాబ్ది చివరి రోజులలో మొదలైంది. ఆ దేశపు ఆగ్నేయ భాగంలో ససెక్స్, కెంట్ మండలాలలో వ్యాపించిన వీల్డ్ అనే అడవిసీమ ఈ పరిశ్రమకు పుట్టినిల్లు. అక్కడ ఇనుపరాయి ఉంది, బొగ్గుకు కావలసిన చెట్లు ఉన్నాయి, కొలిమితిత్తులను ఆడించే నీటిచక్రాలకు వాగులు ఉన్నాయి. ఎత్తైన కొలిమి నుంచి ఎర్రని ఇనుము నీరులా పారి వచ్చేది. పని పద్ధతి చూడడానికి సులువు. నేల మీద తడి ఇసుకను చదును చేస్తారు. పలక ఆకారంలో ఉన్న చెక్కను అందులో అదిమి తీస్తారు. ఆ గుంతలో బొమ్మల అచ్చులను ఒక్కొక్కటిగా ఒత్తుతారు. డాలు, సింహం, పువ్వు, కిరీటం అన్నీ చిన్నచిన్న చెక్క అచ్చులే. కొత్తలో అంచులకు అలంకారంగా తాడు ముక్కలను ఇసుకలో ఒత్తేవారు. పురి పెట్టిన తాడు గుర్తు నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా ఇనుములో పురి పురిగా కనిపిస్తుంది. తరువాత కరిగిన ఇనుమును పోస్తారు. ఆ అచ్చుకు పైమూత ఉండదు. అందువల్ల పలక ముందువైపు బొమ్మలతో, వెనుకవైపు గరుకుగా ఏ అలంకారమూ లేకుండా తయారవుతుంది.

ఇసుకలో ఒత్తిన అచ్చు అద్దంలా పనిచేస్తుంది. కుడి ఎడమవుతుంది. కాబట్టి అక్షరాల అచ్చులను ఇసుకలో కుడినుంచి ఎడమకు వరుసగా ఒత్తాలి. ఆ పని చేసినవారిలో చాలామందికి చదువు అంతంతమాత్రమే. ఎన్నో పలకల మీద కొన్ని అక్షరాలు తారుమారుగా పడి ఉండడానికి కారణం అదే. ఘనమైన వంశచిహ్నం కింద తలకిందులైన అక్షరం కనిపిస్తే నవ్వు వస్తుంది గాని, ఆ తప్పులోనే పనివాని చేయి మనకు తగులుతుంది.

ఆ పలకల మీది ముఖ్యాలంకారం వంశచిహ్నం. ఐరోపాలో కవచధారులైన వీరులను యుద్ధంలో గుర్తుపట్టడానికి డాళ్ల మీద వేసుకొన్న గుర్తులు క్రమంగా కుటుంబాల ఆస్తి అయ్యాయి. తండ్రి డాలు కొడుకుది అయింది. పెండ్లితో రెండు కుటుంబాలు కలిస్తే రెండు చిహ్నాలు ఒకే డాలులో ఇమిడాయి. ఏ కుటుంబం ఏ గుర్తు ధరించాలో తేల్చే అధికారులు ఏర్పడ్డారు. ప్రభువు ఇంటిలో అందరూ చేరే చోటు నిప్పు ముందే కదా! అక్కడ కూర్చున్న అతిథి కన్ను సహజంగా మంట మీదకు పోతుంది. మంట నాలుకల వెనుక ఆ ఇంటి సింహమో గద్దయో కదలుతున్నట్లు కనిపిస్తుంది. ఇంతకంటె మంచి చోటు వంశచిహ్నానికి దొరకదు. అయితే ఈ పలకలలో చాలాభాగం ఆ ఇంటి చిహ్నాన్ని కాక రాజుగారి చిహ్నాన్ని ధరించినవే. పోతవాళ్లు రాజచిహ్నంతో పలకలను ముందే పోసి అమ్మకానికి పెట్టేవారు. సొంత డాలు లేని సంపన్న రైతు కూడా ఒకటి కొని తన రాజభక్తిని పొయ్యిలో నిలుపుకొనేవాడు.

వీటన్నిటి మధ్య ఒక పలక ప్రత్యేకమైనది. ససెక్స్‌లోని బ్రీడ్ కొలిమిలో 1636లో రిచర్డ్ లెనార్డ్ అనే పోతపనివాడు దానిని పోశాడు. అందులో ఏ ప్రభువు డాలూ ముఖ్యం కాదు. నడుమ నిలబడినవాడు లెనార్డే. చేతిలో సుత్తి, పక్కన కుక్క, చుట్టూ తన కొలిమి, తాను చేసిన సరుకులు. పలక మీద తన పేరు, తన వృత్తి, తన ఊరు పోసుకొన్నాడు. ప్రభువుల గుర్తులను బ్రతుకంతా పోసిన చేయి ఒకసారి తననే పోసుకొంది. నాటి వెనుపలకలలో ఇంతటి ధైర్యం మరొకచోట కనిపించడం అరుదు.

ఇక తెలుగునేల విషయానికి వస్తే, కళింగసీమలో చలికాలపు తెల్లవారుజామున కుంపటి చాలు. గోడలో నిప్పుగూడు కట్టుకొనే అవసరం ఎవరికీ కలుగలేదు. పొయ్యి ఉన్నది వంట కోసం. ఆ పొయ్యికి కూడా అలంకారం ఉండేది. ఇల్లాలు తెల్లవారగానే బూడిద తీసి, పొయ్యిని మట్టితో గాని పేడతో గాని అలికి, దాని మీద ముగ్గు పెట్టేది. మంట వెలిగిన కొద్ది గంటలలో ఆ ముగ్గు నల్లబడిపోతుంది. మరునాడు మళ్లీ కొత్తగా పడుతుంది. ఇనుపపలక ఒకసారి పోస్తే మూడు తరాలు నిలుస్తుంది. ముగ్గు మూడు పూటలు నిలవదు. రెండింటిలోనూ నిప్పుకు ఎదురుగా ఇంటి గౌరవాన్ని నిలపాలన్న భావమే ఉంది గాని, ఒకటి మగవాని పేరును శాశ్వతం చేయబోయింది, మరొకటి పేరులేని ఆడదాని చేతిని రోజూ పనిలో పెట్టింది.

అలాగని లోహంలో వంశచిహ్నం పోయడం ఈ ప్రాంతానికి తెలియని విద్య కాదు. వీల్డ్ అడవులలో మొదటి వెనుపలక పుట్టడానికి అనేక శతాబ్దాల ముందే శ్రీకాకుళం సీమలో అది సాగింది. వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగం తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని పండితుల నిర్ణయం. గాంగరాజులు దేవాలయాలకు, పండితులకు భూములిచ్చినప్పుడు ఆ దానాన్ని రాగిరేకుల మీద చెక్కించేవారు. రేకులకు ఒక పక్క బెజ్జం వేసి, అందులోనుంచి కడియం వంటి ఉంగరాన్ని దూర్చి, దాని రెండు కొనలను ఒక పోతముద్రలో అతికించేవారు. ఆ ముద్ర మీద గాంగుల గుర్తయిన నంది ఉబ్బెత్తుగా కూర్చుని ఉంటుంది. మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడు వారి కులదైవం కావడంతో శివుని వాహనం వారి వంశచిహ్నమైంది. పొరుగున వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల ముద్రలమీద వరాహం, అంకుశం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదు కనిపిస్తాయి. నందిని చూస్తే గాంగులు, వరాహాన్ని చూస్తే చాళుక్యులు అని చదువురాని గ్రామపెద్ద కూడా గుర్తుపట్టగలిగేవాడు.

ఆ ముద్రకు అలంకారం కంటె పెద్ద బాధ్యత ఉంది. ఉంగరాన్ని కోయనిదే ఒక రేకును తీసి మరొక రేకును చేర్చడం సాధ్యం కాదు. ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే శాసనం నిజమైనది. ఒక కుటుంబం తరతరాలుగా దున్నుకొనే భూమికి ఆ చిన్న నందియే సాక్షి. వెనుపలక మీది సింహం పోతే ప్రభువుకు పరువునష్టం. రాగిరేకుల మీది నంది పోతే ఒక ఊరి అన్నమే పోతుంది.

శక సంవత్సరం 979, అంటే క్రీ.శ. 1057 ప్రాంతంలో గాంగరాజు వజ్రహస్తుడు వేయించిన రాగిశాసనం నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో దొరికింది. దానిని చదివి, పరిష్కరించి, 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటంలో ప్రకటించినవారు గిడుగు రామమూర్తి. వాడుకభాష కోసం పోరాడిన వానిగానే విద్యార్థులకు ఆయన ఎక్కువగా తెలుసు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ప్రాచీన లిపులను చదవడం స్వయంకృషితో నేర్చుకొన్నారు. ఆయన వంటివారి కంటబడిన రేకులు చరిత్ర అయ్యాయి. నాగలికి తగిలి బయటపడిన రాగిరేకు విలువ తెలియనివారి చేతిలో పడితే దాని గతి వేరు. రాగి రాగే. తూకం వేసి కొనేవాడు దొరుకుతాడు. ఉదయం వజ్రహస్తుని నంది అయినది సాయంత్రానికి ఒక చెంబులో అడుగు కావచ్చు.

గాంగుల తరువాత అనేక రాజ్యాలు మారి, చివరకు ఈ ప్రాంతం జమీందారీల సీమ అయింది. బొబ్బిలి, విజయనగరం సంస్థానాలు వాటిలో ప్రసిద్ధమైనవి. ఈ కుటుంబాలు తమ గుర్తును లోహానికంటె మాటకే ఎక్కువగా అప్పగించాయి. బొబ్బిలి ఊరి పేరే అందుకు ఉదాహరణ. 17వ శతాబ్ది నడుమ శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్‌తో ఈ ప్రాంతానికి వచ్చిన పెద్దరాయుడు తన ప్రభువు పేరులోని 'షేర్' అన్న మాటను బట్టి కోటకు 'పెద్దపులి' అని పేరు పెట్టాడని, అది బెబ్బులియై, బొబ్బిలి అయిందని చెబుతారు. ఐరోపా ప్రభువు పులిని డాలు మీద వేసుకొంటే ఇక్కడి ప్రభువు పులిని ఊరికే పేరు పెట్టాడు. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం సేన కలిసి ముట్టడించినప్పుడు ఆ కోట బూడిద అయింది. ఆ తరువాత విజయనగర ప్రభువు పెద విజయరామరాజు తన గుడారంలోనే తాండ్ర పాపారాయుని కత్తికి బలి అయ్యాడు. కోట కాలింది గాని పేరులోని పులి కాలలేదు. యుద్ధం జరిగిన చోట బొబ్బిలి మహారాజు 1891లో ఒక రాతి స్తంభాన్ని నిలిపాడు.

విజయనగరం సంగతీ అంతే. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమినాడు, జయవారమైన మంగళవారం కోటకు పునాది వేశారని చెబుతారు. పూసపాడు అనే ఊరి పేరు మీద పూసపాటివారైన ఆ ప్రభువులు 'గజపతి' అనే బిరుదు ధరించారు. వారి ఏనుగు చాలావరకు ఆ బిరుదులోనే ఉంది. ఇక కావ్యాలకు, గ్రంథాలకు కృతిభర్తలు కావడం మరొక మార్గం. తెలుగులో కృతి పుచ్చుకొన్నవాని వంశాన్ని పద్యాలలో వర్ణించడం పాత ఆచారం. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలి కూర్పును 1897లో ఆనంద గజపతికి అంకితం చేశారు. ఆనంద గజపతి అదే ఏడాది మరణించారు. ఆయన పేరును నేటి విద్యార్థి ఏ పలక మీదా చదవడు, ఆ నాటకం మొదటి పుటలలో చదువుతాడు.

ఇంగ్లీషువారి డాళ్లు ఇండియాకు రాకపోలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించిన సభలో వైస్రాయి లిట్టన్ దేశీయ సంస్థానాధీశులకు ఒక్కొక్క పట్టుపతాకం ఇచ్చాడు. వాటి మీద ఐరోపా పద్ధతిలో డాళ్లు, జంతువులు కుట్టించారు. రాబర్ట్ టేలర్ అనే బెంగాలు ఉద్యోగి ఆ చిహ్నాలను కల్పించాడు. పతాకాలను వేలాడదీసిన ఇత్తడి కర్రలు ఒక మనిషి మోయలేనంత బరువుగా ఉండేవట. అరువు తెచ్చిన గౌరవానికి అంత బరువు ఉండడం ఆశ్చర్యం కాదు. దీనికి ఎదురుదిశలో సాగిన కథ కూడా ఒకటి ఉంది. విజయనగరం మహారాజు విజయరామ గజపతి ఇచ్చిన ధనంతో లండన్‌లోని హైడ్ పార్కులో ఒక తాగునీటి కట్టడం వెలసింది. 1868లో ప్రారంభమైన దానిని 1964లో తొలగించారు. ఆ చోట దానిని తలపించే పలక మాత్రం ఉంది.

ప్రభువుల మాట అలా ఉంచితే, ఈ సీమలో లోహం పోసిన చేతుల గురించి చెప్పుకోవాలి. కమ్మరి, వడ్రంగి, అగసాలి, శిల్పి, కంచరి అనే పంచాణంవారిలో కంచు, ఇత్తడి పనులు కంచరివి. శ్రీకాకుళం జిల్లాలోని బుడితి ఈ పనికి పేరుపొందింది. బుడితి కంచు, ఇత్తడి పాత్రలు దేశమంతటా ప్రసిద్ధి చెందాయి. ఐరోపాలో ఇనుము పోత పోస్తుంటే ఇక్కడ కంచు పోశారేమని విద్యార్థికి సందేహం రావచ్చు. జవాబు కొలిమి వేడిలో ఉంది. శుద్ధమైన ఇనుము కరగడానికి 1538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. కొలిమిలో బొగ్గునుండి కర్బనాన్ని బాగా పీల్చుకొన్న ఇనుము 1150 డిగ్రీల దగ్గరనే కరుగుతుంది. అదే పోత ఇనుము. అయితే దానిని పలకకు సరిపడేటంతగా పారించడానికి నీటిచక్రంతో ఆడే పెద్ద తిత్తులు, మనిషిని మించిన ఎత్తుగల కొలిమి ఉండాలి. మన కమ్మరి కొలిమిలో ఇనుము మెత్తబడి ముద్ద అయ్యేదే గాని పారేది కాదు. తెలంగాణలోని కోనసముద్రం వంటి చోట్ల మూసలో ఉక్కును కరిగించే అద్భుతమైన విద్య ఉన్నా, అందులో తయారయ్యేది గుప్పెడు ముద్ద. రాగి మాత్రం 1085 డిగ్రీలకే కరుగుతుంది. దానిలో సుమారు అయిదో వంతు తగరం కలిపితే కంచు అవుతుంది. ఆ మిశ్రమం రాగికంటె ఇంకా తక్కువ వేడికే పారుతుంది. చేతితిత్తితో పనిచేసే కంచరికి అది లొంగుతుంది.

రాగికి తుత్తునాగం కలిపితే ఇత్తడి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తుత్తునాగం 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ముందే వేస్తే తెల్లని పొగగా లేచిపోతుంది. అందుకే రాగి కరిగిన తరువాత చివర కలుపుతారు. పాళ్లు పుస్తకంలో ఉండవచ్చు, ఎప్పుడు కలపాలన్నది మాత్రం మంట రంగును చూసి తెలుసుకోవలసిందే. పలక వంటి చదునైన వస్తువుకు ఒక అచ్చు చాలు. బిందె వంటి బోలు పాత్రకు లోపలి అచ్చు, వెలుపలి అచ్చు రెండూ కావాలి. వాటి నడుమ ఉన్న సన్నని ఖాళీయే పాత్ర మందం. లోహం ఆ సందులో అంతటా ఒకే తీరున పారాలి. పారకపోతే పాత్రకు బెజ్జం పడుతుంది, మళ్లీ మూసలోకి పోతుంది. తరువాత పాత్రను చక్రానికి బిగించి తిప్పుతూ ఉలితో గీసి మెరుగు పెడతారు. మంచి కంచుగిన్నెను వేలితో మీటితే ఆ ధ్వని చాలాసేపు నిలుస్తుంది. పగులు ఉంటే బొంగురుపోతుంది. కొనవచ్చిన ముసలమ్మలు చూసేది రంగు కాదు, వినేది మోత.

ఇంటి గుర్తులు ధరించిన లోహానికి రెండు దేశాలలోనూ కష్టకాలం వచ్చింది. కాని వచ్చిన తీరు వేరు. ఫ్రాన్సులో విప్లవకారులు 1790లో వంశపారంపర్య ప్రభువర్గాన్ని, దాని చిహ్నాలను రద్దు చేశారు. 1793లో వారి చూపు పొయ్యిల మీద పడింది. రాజచిహ్నాలు, ప్రభువుల డాళ్లు ఉన్న వెనుపలకలను తొలగించాలి, లేదా తిప్పి పెట్టాలని ఆజ్ఞాపించారు. ఇనుపపలక ఖరీదైనది. దానిని పారవేస్తే చలికాలం గడవదు. అందుచేత చాలా ఇళ్లలో పలకను తిప్పి, బొమ్మ గోడవైపు, గరుకు ముఖం మంటవైపు పెట్టారు. వంశం గుర్తు గోడను చూస్తూ చీకటిలో ఉండిపోయింది. పలక మాత్రం ఎప్పటిలా వేడిని ఇస్తూనే ఉంది. తరువాతి కాలంలో పాత ఇళ్లను బాగుచేసినవారు పలకను తిప్పి చూస్తే, మంట తగలక పదునుగా నిలిచిన చిహ్నాలు బయటపడ్డాయి. వాటిని చెరపబోయిన ఆజ్ఞే వాటిని కాపాడింది.

మద్రాసు శాసనసభ చేసిన 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో విజయనగరం, బొబ్బిలి జమీందారీలు ముగిశాయి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 18వ అధికరణంతో బిరుదులను రద్దు చేసింది. ఈ శాసనాలు ఎవరి పొయ్యి జోలికీ, ఎవరి పాత్రల జోలికీ పోలేదు. విజయనగరం కోట 1958లో ఏర్పడిన మాన్సాస్ సంస్థ ద్వారా విద్యాలయాలకు నిలయమైంది. ఒకప్పుడు ప్రభువు అనుమతి లేనిదే అడుగుపెట్టలేని గుమ్మంలోనుంచి విద్యార్థులు పుస్తకాల సంచులతో రాకపోకలు సాగించారు. ఆ ఇంటి గుర్తును ఎవరూ తిప్పి పెట్టలేదు. అది మరొక పనికి వచ్చింది.

సామాన్యుల పాత్రలకు మాత్రం ఆజ్ఞ లేకుండానే ముప్పు వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు తేలిక, కళాయి అక్కర లేదు, చింతపండు అక్కర లేదు. ఇత్తడి పాత్రకు లోపల కళాయి పోయిందంటే పులుసు చిలుమెక్కుతుంది. కళాయి వేసేవారు వీధిలోకి రావడం తగ్గిపోయింది. తోమే ఓపిక తగ్గింది. ఇల్లాలి శ్రమ తగ్గడం తప్పేమీ కాదు. పెద్ద గంగాళాలు అటక ఎక్కాయి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు, ఆడపిల్ల పెండ్లి తలపెట్టినప్పుడు అవి అటక దిగి నేరుగా పాత సామాను కొట్టుకు చేరాయి. అక్కడ త్రాసు ఒక్కటే న్యాయం. కంచుకు ఒక ధర, ఇత్తడికి ఒక ధర. మెడ మీద తాతగారి పేరు ఉన్న బిందెకూ, లేని బిందెకూ కిలోకు పైసా తేడా లేదు. కొని పోయినవాడు దానిని సుత్తితో నలగగొడతాడు, మూసలో ఎక్కువ పాత్రలు పట్టాలి కదా! మొదట కనుమరుగయ్యేవి ఆ సన్నని చుక్కలే.

కొందరు చివరి క్షణంలో ఒక చెంబునో పళ్లాన్నో వెనక్కి తీసుకొంటారు. వారు ఉంచుకొనేది మంచి పనితనం గలదాన్ని కాదు, పేరు ఉన్నదాన్ని. ఆ పాత్రలో తరువాత ఎవరూ వండరు. నీళ్లు పోసి పూలు వేస్తారు, లేదా పూజగదిలో ఉంచుతారు. ఇంగ్లండులో నిప్పుగూళ్లు ఆరిపోయిన తరువాత వెనుపలకలు గోడలకు, ప్రదర్శనశాలలకు చేరినట్టే. లూయిస్ పట్టణంలోని ఆన్ ఆఫ్ క్లీవ్స్ ఇంటిలో నేడు వాటిని చల్లగా చూడవచ్చు.

కంచరి పేరు ఆ పాత్రల మీద సాధారణంగా కనిపించదు. కొన్నవారి పేరు, ఇచ్చినవారి పేరు, పుచ్చుకొన్నవారి పేరు ఉంటాయి. లెనార్డ్ చేసిన సాహసం ఇక్కడి మూసల దగ్గర జరిగినట్లు లేదు. అయితే బుడితి కంచు, ఇత్తడి పనికి ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ పేరుతో మరొకచోట చేసిన సరుకును అమ్మడానికి వీలులేదు. ఆ గుర్తింపులో ఏ ప్రభువు డాలూ లేదు, ఏ కుటుంబం ఇంటిపేరూ లేదు. అందులో ఉన్నది బుడితి అన్న ఊరి పేరు.